ఆరుగురం, కొండ అడవి, ఒక్క పగలు, 14 కిలోమీటర్లు: ప్లాన్ చూసి చెప్పండి

వెన్నెల_బాట
అందరికీ నమస్తే. వచ్చే నెల మొదటి శనివారం ఆరుగురం కలిసి ఒక కొండ అడవిలో హైక్‌కి వెళ్దామనుకుంటున్నాం. రాత్రి బస లేదు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి బండి దగ్గరికి వచ్చేయాలి. ట్రయిల్ లూప్, అంటే మొదలైన చోటే ముగుస్తుంది. మొత్తం 14 కి.మీ., ఎక్కుడు 700 మీటర్లు. యాప్‌లో మోడరేట్ అని ఉంది. రెండు చోట్ల వాగు దాటాలి, ఒకదానికే వంతెన ఉంది.

మాలో ఇద్దరికి కొండలు అలవాటే. ఇద్దరు రోజూ పార్కులో నడుస్తారు. ఒకావిడకి దిగేటప్పుడు మోకాలు నొప్పి వస్తుంది. ఒకబ్బాయి ఇంతవరకు కొండే ఎక్కలేదు.

9కి మొదలుపెడితే 4 గంటలు నడక, గంట భోజనం, కాస్త అటూ ఇటూ అయినా 2:30 కల్లా బయటపడతాం అనుకుంటున్నా. సూర్యాస్తమయం 6 దాటాకే. తలా ఒక లీటరు నీళ్లు. ఏమైనా మర్చిపోయానా?

గాలిపటం07
సూపర్ ప్లాన్. 14 అంటే ఏముంది, హాయిగా అయిపోతుంది. బ్యాగులో బరువు తగ్గించుకోండి, అంతే.

తాబేలునడక
ఎవరికి హాయి బ్రో? ఎప్పుడూ కొండ ఎక్కని అబ్బాయికా?

మ్యాప్_మామయ్య
వెన్నెల గారూ, ఆ 4 గంటలు యాప్ చెప్పిందా, మీరు లెక్కేశారా? ఎందుకంటే అది నైస్మిత్ లెక్కకి సరిగ్గా సరిపోతోంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం అది. ఇప్పటి కొలతల్లో సుమారుగా చెప్పుకుంటే, 5 కి.మీ. నడకకి ఒక గంట, దాని మీద 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మీ 14 కి.మీ.కి 2 గంటల 48 నిమిషాలు, 700 మీటర్లకి 1 గంట 10 నిమిషాలు. కలిపితే 3 గంటల 58 నిమిషాలు.

సూత్రం మంచిదే. కానీ అది ఒంట్లో సత్తువ ఉన్నవాడు, మంచి దారిలో, ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఫొటోలు, నీళ్లు, లేసు కట్టుకోవడం, "ఒక్క నిమిషం ఆగండి" అనడం, ఇవేవీ అందులో లేవు. అడవి దారిలో వేర్లు, తడి ఆకులు, అడ్డంగా పడిన చెట్లు ఉంటాయి. నిటారు దిగుడులో కూడా వేగం తగ్గుతుంది. మీలాంటి గుంపుకి నేనైతే ఒకటిన్నర రెట్లు వేస్తా. అంటే నడకే 6 గంటలు. ఆగిన సమయం గంటుంపావు కలిపితే 7:15. మీరు 9కి మొదలుపెడితే బయటికొచ్చేది 4:15కి. అదీ ఏ తప్పూ జరగకపోతే. ఒక మలుపు తప్పి గంట పోయిందంటే 5:15. గుబురు చెట్ల కింద, అందులోనూ కొండ నీడ పడే వైపు, సూర్యాస్తమయానికి చాలా ముందే వెలుతురు మందగిస్తుంది.

ముందు మొదలయ్యే టైమ్ మార్చండి. 7 చేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

వెన్నెల_బాట
యాప్ చెప్పిందే అండి. నేను లెక్క వేయలేదు. 7 అంటే అందరూ మూలుగుతారు గానీ ఒప్పిస్తాను.

రాతిబండ
ఆ మోడరేట్ అన్నదాన్ని కూడా నమ్మకండి. యాప్‌లో గ్రేడ్ ఎలా ఇస్తారో ఒక్కో చోట ఒక్కో తీరు. లెక్క పైకి చెప్పేది అమెరికాలోని షెనాండోవా నేషనల్ పార్కు. ఎక్కుడుని అడుగుల్లో తీసుకుని రెండుతో గుణించి, దూరం మైళ్లతో గుణించి, వర్గమూలం తీయాలి. 50 లోపు వస్తే తేలిక, 50 నుంచి 100 మోడరేట్, 150 వరకు కాస్త కష్టం, 200 వరకు కష్టం, ఆ పైన చాలా కష్టం.

మీ ట్రయిల్ 8.7 మైళ్లు, 2,297 అడుగులు. జవాబు దాదాపు 200. అంటే "కష్టం" చివరి గీత మీద ఉన్నారు.

గాలిపటం07
అది ఒక్క పార్కు లెక్క కదా. ప్రతి కొండకీ ఎలా వర్తిస్తుంది? దారి బాగుంటే 700 మీటర్లు పెద్ద విషయం కాదు.

రాతిబండ
నిజమే, దారి ఎలా ఉందో, ఎండెంత ఉందో ఆ సూత్రానికి తెలీదు. కానీ ట్రయిల్స్‌ని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది. అదే సూత్రంతో 8 కి.మీ., 300 మీటర్లు వేస్తే 99 వస్తుంది. కొత్తవాళ్లున్న గుంపుకి నా దృష్టిలో మోడరేట్ అంటే అది. 14/700 అలవాటున్న ఇద్దరికి మోడరేట్, మిగతా నలుగురికి కాదు.

మ్యాప్_మామయ్య
మొత్తం ఎక్కుడు ఎంతన్నది సగం సమాచారమే. ఆ 700 ఎక్కడ పడుతుందన్నది మిగతా సగం. వెన్నెల గారూ, ఎత్తుల గ్రాఫ్ చూసి చెప్పండి: ఏ వైపు నిటారు, వాగులు ఎన్నో కిలోమీటరు దగ్గర, మధ్యలో తప్పించుకునే దారి ఏదైనా ఉందా? గ్రాఫ్ లేకపోతే మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) చూడండి. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయంటే నిటారు. దూరంగా ఉంటే తేలిక.

వెన్నెల_బాట
చూశాను. గడియారం ముల్లు దిశలో వెళ్తే మొదటి 8 కి.మీ. మెల్లగా ఎక్కుతుంది, 4 దగ్గర వంతెన ఉన్న వాగు. తర్వాత కొంతదూరం గట్టు మీద, అంటే కొండ పై అంచున నడక. అక్కడి నుంచి నిటారుగా దిగుడు. వంతెన లేని వాగు 11వ కిలోమీటరు దగ్గర. అందరూ ఈ దిశలోనే వెళ్తారట, ఎక్కడం తేలికని. నిటారు వైపు 10వ కిలోమీటరు దగ్గర ఒక చీలిక కూడా కనిపిస్తోంది. అది గట్టు ఎక్కకుండా అడ్డంగా వెళ్లి మెల్లగా ఎక్కే దారిలో కలుస్తుంది.

మ్యాప్_మామయ్య
తిరగేయండి! వ్యతిరేక దిశలో వెళ్లండి.

ఇప్పుడున్న ప్లాన్‌లో మోకాలి నొప్పి ఆవిడ బాగా అలిసిపోయాక నిటారుగా దిగాలి. వంతెన లేని వాగు 11 దగ్గర తగులుతుంది. అది పొంగి ఉంటే ఏం చేస్తారు? వెనక్కి 11 కి.మీ. నడవలేరు కాబట్టి ఎలాగోలా దాటేద్దాం అంటారు. అక్కడే ప్రమాదాలు జరుగుతాయి.

తిరగేస్తే ఆ వాగు 3 దగ్గరే వస్తుంది. దాటలేకపోతే 3 కి.మీ. వెనక్కొచ్చి ఇంటికెళ్లిపోవచ్చు. పొద్దున్నే దాటుతారు కాబట్టి మధ్యాహ్నం పడే వాన తాకిడి కూడా తక్కువ. పై ఎత్తుల్లో మంచు కరిగి వచ్చే వాగులైతే అవి కూడా పొద్దున తగ్గి, మధ్యాహ్నం పెరుగుతాయి. నిటారు వైపు ఎక్కుడు అవుతుంది, ఊపిరి ఆడక ఆగుతారు గానీ మోకాలికి దిగుడంత దెబ్బ తగలదు. మీరు చెప్పిన చీలిక 4 దగ్గర వస్తుంది, అంటే ఇంకా ఓపిక ఉండగానే నిర్ణయం తీసుకోవచ్చు. ఆ పొట్టి లూప్ మొత్తం ఎంత?

వెన్నెల_బాట
9 కి.మీ., 400 మీటర్లు.

రాతిబండ
నేను చెప్పిన సూత్రంతో 121. అదీ తక్కువేం కాదు :)

చినుకు
ఫిజియోథెరపీలో పనిచేస్తాను కాబట్టి మోకాలి గురించి రెండు ముక్కలు. మామయ్యగారు చెప్పిన దిశే సరైనది. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. ఎక్కేటప్పటి పని కంటే అది కండని ఎక్కువ నలిపేస్తుంది. అందుకే ఎక్కిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో మెట్లు దిగలేక గోడ పట్టుకుంటారు.

ఇంకా నెల ఉంది కాబట్టి మీ ఫ్రెండ్‌ని వారంలో కొన్ని రోజులు మెట్లు ఎక్కి దిగమనండి. లిఫ్ట్‌లో దిగితే ప్రాక్టీసు సగమే. మోకాలు వాస్తున్నా, మెలిక పడినట్టు పట్టేస్తున్నా ముందు డాక్టరుకి చూపించాలి, ప్రాక్టీసుతో పోయేది కాదు. ట్రెక్కింగ్ పోల్స్ (నడక కర్రలు) రెండు తీసుకోండి. ఎక్కేటప్పుడు మోచెయ్యి లంబకోణంలో ఉండేట్టు పొడవు పెట్టుకుని, దిగేటప్పుడు కాస్త పెంచాలి. చిన్న అడుగులు వేయాలి. దిగుడులో కాలు చాచి పెద్ద అడుగు వేస్తే దెబ్బంతా మోకాలికే.

కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోమనండి. బూటు ముందు భాగానికి గోరు కొట్టుకుంటూ 6 కి.మీ. దిగితే నల్లబడి ఊడిపోతుంది.

గాలిపటం07
కొత్త బూట్లు కొనమని మీ కొత్తబ్బాయికి చెప్పండి. చీలమండ పైదాకా వచ్చేవి.

తాబేలునడక
కొనొచ్చు, కానీ ఆ రోజే మొదటిసారి తొడుక్కోకూడదు. కాలికి అలవాటైన, అడుగున పట్టున్న మామూలు ట్రయిల్ షూ చాలు. సాక్సు కాటన్‌వి వద్దు, తడిస్తే ఆరవు, రాపిడికి బొబ్బలు వస్తాయి. కాల్లో ఎక్కడైనా చురుక్కుమని వేడిగా అనిపించగానే ఆగి టేప్ వేయాలి. అందరూ ఆగాల్సి వస్తుందని మొహమాటపడి నడిస్తే గంటలో బొబ్బ, ఆ తర్వాత గుంపు మొత్తం కుంటుడు వేగమే. కొత్తవాళ్లు ఇలాంటివి నోరు విప్పి చెప్పరు, మీరే అడగాలి.

వెన్నెల_బాట
నీళ్ల సంగతి ఎవరూ అనలేదు. లీటరు సరిపోతుందా?

అడవిదారి
సరిపోదు. మామూలు వాతావరణంలో గంట నడకకి సుమారు అర లీటరు అనుకోండి. 6 గంటలకి 3 లీటర్లు, అంటే 3 కిలోలు. ఎండ ఎక్కువైతే ఇంకా కావాలి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగొద్దు. పైన ఏ జంతువు పడి ఉందో కనపడదు, జియార్డియా లాంటి పరాన్నజీవులు కంటికి అసలే కనపడవు. మరిగిస్తే ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన అయితే 3 నిమిషాలు తెర్లాలి. పగటి నడకకి స్టవ్ ఎవరూ మోయరు కాబట్టి ఫిల్టరో బిళ్లలో పెట్టుకోండి. బిళ్ల వేశాక ప్యాకెట్ మీద రాసినంతసేపు ఆగాల్సిందే.

అలాగని భయంతో ఉత్త నీళ్లు గటగటా లీటర్ల కొద్దీ తాగడమూ మంచిది కాదు, ఒంట్లో సోడియం పలచబడుతుంది. ఉప్పగా ఉండేది ఏదైనా మధ్యమధ్యలో తింటూ, దాహాన్ని బట్టి తాగండి. గంటసేపు కూర్చుని భోజనం చేసే బదులు, తరచూ కొంచెం కొంచెం తినడం మేలు. కడుపు నిండా తిన్నాక గట్టెక్కడం కష్టం, గంట కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి.

వాగు గురించి: మోకాలి లోతు దాటి వేగంగా పారుతుంటే దిగొద్దు. దాటేముందు బ్యాగు నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పేయండి. కాలు జారితే బ్యాగుని వదిలించుకోగలగాలి. బూట్లు విప్పి వట్టి కాళ్లతో దాటడం చాలామంది చేస్తారు, పాకుడు పట్టిన రాళ్ల మీద అది మంచిది కాదు. సాక్సు తీసి బూట్లతోనే దాటి, అవతల మళ్లీ పొడి సాక్సు వేసుకోండి.

గాలిపటం07
ఒక డౌట్. అలవాటున్న ఇద్దరు ముందే గట్టెక్కేసి అక్కడ వెయిట్ చేయొచ్చు కదా? నెమ్మదిగా నడవడం కూడా అలసటే.

తాబేలునడక
ఇదిగో, దీని కోసమే ఎదురుచూస్తున్నా. ముందున్నవాళ్లు ఎక్కి పావుగంట కూర్చుంటారు. వెనకవాడు రొప్పుతూ రాగానే "హమ్మయ్య, వచ్చావా, పద" అని లేస్తారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్లకి విశ్రాంతి, కావాల్సినవాడికి సున్నా. రోజంతా అదే. వాడు ఇక జన్మలో కొండ ఎక్కడు.

అడవిదారి
భద్రత కోణంలో కూడా వద్దు. అలవాటున్న ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. వెనక ఉన్నవాళ్ల పని ఒక్కటే: తమ వెనక ఎవరూ మిగలకుండా చూడటం. నెమ్మదిగా నడిచేవాళ్లని ముందున్నవారి వెంటనే, రెండో స్థానంలో పెట్టండి. వేగం వాళ్లని బట్టి కుదురుతుంది. దారి చీలిన ప్రతిచోటా ఆరుగురూ కనిపించేదాకా కదలొద్దు. అడవిలో మనుషులు తప్పిపోయేది ఎక్కువగా ఇలాంటి చీలికల దగ్గరే.

వెన్నెల_బాట
వెనక నేనుంటాను. ఫోన్ సిగ్నల్ లేదని రివ్యూల్లో రాశారు. మ్యాప్ ఎలా మరి?

మ్యాప్_మామయ్య
సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. మ్యాప్ మాత్రం ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి. డౌన్‌లోడ్ చేశాక ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తెరిచి చూడండి, చాలామంది ఈ పని చేయరు. నడకలో కూడా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. లేని సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది.

దట్టమైన చెట్ల కింద, లోతైన లోయల్లో మీరున్న చోటు చూపే చుక్క పదుల మీటర్లు పక్కకి జరగొచ్చు. దారి మీదే ఉన్నా పొదల్లో ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు కంగారుపడి పొదల్లోకి వెళ్లకండి. కాగితం మ్యాప్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి, ఇద్దరి దగ్గర ఉంటే ఇంకా మంచిది.

బయటి మనిషి ఒకరికి మీ దారి, దిశ, బండి ఎక్కడ పెడతారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో రాసివ్వండి. ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే సహాయానికి కబురు పెట్టాలో కూడా. "సాయంత్రానికి వస్తాం" అంటే కుదరదు, గంట చెప్పాలి. విజిల్ తలా ఒకటి. ఆపదలో నిమిషంలో 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ 6 సార్లు. విన్నవాళ్లు నిమిషంలో 3 సార్లు ఊది బదులిస్తారు. ఉత్తర అమెరికాలో అయితే ఆపద సంకేతమే మూడు.

గాలిపటం07
పగటి నడకకి హెడ్‌ల్యాంప్ (తలకి కట్టుకునే లైటు) కూడా కావాలంటారేమో ఇక 😄

మ్యాప్_మామయ్య
కావాలంటాను. తలా ఒకటి. ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, సహాయం పిలవాల్సిన బ్యాటరీ కూడా పోతుంది.

సాయంసంధ్య
వాతావరణం గురించి కూడా చెప్పాలి. ఎత్తు పెరిగేకొద్దీ చల్లబడుతుంది, సగటున 1,000 మీటర్లకి 6.5 డిగ్రీలు. మీ 700 మీటర్లకి నాలుగైదు డిగ్రీల తేడా. చెట్ల మధ్య నుంచి గట్టు మీదికి రాగానే గాలి కొడుతుంది, చెమటతో తడిసిన కాటన్ బట్ట ఒంటికి అంటుకుని వణుకు పుట్టిస్తుంది. త్వరగా ఆరే చొక్కా, పైన ఒక వెచ్చనిది, దాని పైన వాన ఆపే పల్చటి జాకెట్. వెచ్చనిది ఆగిన వెంటనే వేసుకోవాలి, చలేశాక కాదు.

ఇక పిడుగులు. కొండల మీద ఉరుములతో వాన మధ్యాహ్నం పూట ఎక్కువ. 7కి బయల్దేరడానికి ఇంకో కారణం ఇది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కి.మీ. లోపలే ఉన్నట్టు. గట్టు దిగేయండి. ఒంటరిగా నిలబడ్డ పెద్ద చెట్టు కిందికి పోకండి. ఒకే ఎత్తున్న పొట్టి చెట్ల గుంపు కాస్త నయం. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే మళ్లీ పైకి. గాలి బాగా వీచిన రోజు చెట్ల పైన వేలాడే ఎండు కొమ్మల మీద కూడా కన్నేయండి, వాటి కింద కూర్చోవద్దు.

చినుకు
జలగలు, పిడుదులు ఉండే అడవైతే ప్యాంటు కొసలు సాక్సులోకి దోపుకోండి. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చంకలు, గజ్జలు, చెవుల వెనక చూసుకోవాలి. పిడుదు కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా లాగేయాలి. కాల్చడం, నూనె పూయడం వద్దు.

సాయంసంధ్య
ఎవరూ అడగరు గానీ: బయటికి వెళ్లాల్సి వస్తే దారికీ నీళ్లకీ కనీసం 60 మీటర్ల దూరం, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట, తర్వాత పూడ్చేయడం. కాగితం కవర్లో పెట్టి వెనక్కి తీసుకురావాలి. తవ్వడానికి చిన్న పార ఒకటి ఆరుగురికీ చాలు. కొత్తబ్బాయికి ఇది ముందే చెప్పండి, పాపం అక్కడ అడగలేడు.

వెన్నెల_బాట
అందరికీ థాంక్స్. మార్చిన ప్లాన్ ఇదిగో.

7కి మొదలు, వ్యతిరేక దిశ. ముందు మా స్నేహితుడు, వెనక నేను. 3 దగ్గర వాగు, మోకాలు దాటితే వెనక్కి. 4 దగ్గర చీలిక. అక్కడిదాకా 350 మీటర్లు ఎక్కుతాం. మామయ్యగారి లెక్కన 83 నిమిషాలు, ఒకటిన్నర రెట్లు వేస్తే 2 గంటల 5 నిమిషాలు, ఆగినవి కలిపితే 9:30. పదింటిలోపు చీలిక చేరితే పెద్ద లూప్, దాటితే పొట్టి లూప్. టైమ్ బాగున్నా ఎవరిదైనా కాలు బాగోకపోతే పొట్టిదే. 3 లీటర్లు, ఫిల్టర్ ఒకటి, హెడ్‌ల్యాంప్‌లు, విజిళ్లు, పొడి సాక్సు. మా అక్కకి రూటు రాసిస్తున్నా: 4కి ఫోన్ చేస్తాం, 6 దాకా రాకపోతే సహాయానికి ఫోన్ చేయాలి.

ఒక్కటే సందేహం. పోల్స్ జత ఒకటే ఉంది. ఆవిడకి ఒకటి, కొత్తబ్బాయికి ఒకటి ఇవ్వనా?

చినుకు
వాగు దాటేటప్పుడు అలా పంచుకోవచ్చు, తలా ఒకటి ఉన్నా ఆసరాయే. చివరి దిగుడులో మాత్రం రెండూ ఆవిడకే ఇవ్వండి.

అడవిదారి
ప్లాన్ బాగుంది. చీలిక నుంచి పొట్టి లూప్ దారి ఇప్పుడు తెరిచి ఉందో లేదో అటవీ శాఖ వాళ్లని అడిగి తెలుసుకోండి. అనుమతి కావాలేమో కూడా కనుక్కోండి. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన నేల మీద దారి ఉంటుందని లేదు. ఒక వాన చాలు, మూసుకుపోవడానికి.

మ్యాప్_మామయ్య
పదింటి రూలు ఇప్పుడే ఆరుగురికీ చెప్పి ఒప్పించండి. పైకెళ్లాక చెబితే ఓటింగ్ పెడతారు.

వెన్నెల_బాట
గ్రూపులో పెట్టేశాను. ఇద్దరు అప్పుడే 10:15 చేద్దామంటున్నారు.

మ్యాప్_మామయ్య
వద్దు.